తిప్పి పడుకోబెట్టడం మన పని: నెల్లూరు, ప్రకాశం జిల్లాల నర్సులకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేస్తున్న స్టాఫ్ నర్సులకు, హెడ్ నర్సులకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు,

నమస్కారం.

నేను ఈ రెండు జిల్లాల వార్డుల్లో పనిచేసి రిటైరైన హెడ్ నర్సుని. ఉద్యోగం అయిపోయినా, ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కబురు పెడుతూనే ఉంటారు. వెళ్లి దుప్పటి తీసి పక్కకి తిప్పితే చాలామందికి ముడ్డిపూస మీదో, తుంటి మీదో, మడమ మీదో పుండు కనిపిస్తుంది. ఎప్పుడు మొదలైందని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: "ఆసుపత్రిలో ఉండగానే కమిలిందమ్మా. సిస్టర్‌కి చెబితే పౌడర్ వెయ్యమంది." ఆ సిస్టర్లలో నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలూ ఉండొచ్చు. అందుకే నాలో నేను బాధపడి ఊరుకోకుండా మీకు రాస్తున్నాను. కొన్ని మాటలు కటువుగా ఉంటాయి. మనలో మన మాటగా తీసుకోండి.

మన ఉద్యోగంలో చాలా పనులకి డాక్టర్ ఆర్డర్ కావాలి. ఇంజెక్షన్ ఏది, స్లైన్ ఎంత, ఆక్సిజన్ ఎన్ని లీటర్లు, అన్నీ కేస్ షీట్‌లో రాసి ఉంటేనే చేస్తాం. బెడ్‌సోర్, అంటే కదలకుండా పడుకున్నవాళ్లకి ఒత్తిడి వల్ల పడే పుండు, రాకుండా చూడటం ఒక్కటి అలాంటిది కాదు. రోగిని ఎప్పుడు తిప్పాలి, ఎటు తిప్పాలి, కాళ్ల కింద ఏం పెట్టాలి అని నిర్ణయించేది నర్సే. అసలు ఈ విద్యను తయారుచేసుకున్నదే నర్సులు. 1962లో ఇంగ్లండ్‌లో డోరీన్ నార్టన్ అనే నర్సు వృద్ధుల వార్డుల్లో రోగులను గమనించి, ఎవరికి పుండు పడే ప్రమాదం ఉందో ముందే చెప్పే స్కోరు ఇచ్చింది. 1987లో అమెరికాలో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రోమ్ అనే ఇద్దరు నర్సులు ఇంకో స్కేలు ఇచ్చారు. రోగికి స్పర్శ ఎంత తెలుస్తోంది, చర్మం ఎంత తడిగా ఉంటోంది, మంచం దిగుతున్నాడా, మంచంలో తనంతట తాను కదులుతున్నాడా, ఎంత తింటున్నాడు, పక్కబట్ట మీద ఒళ్లు ఎంత రాసుకుపోతోంది అని చూసి 6 నుంచి 23 దాకా మార్కులు వేస్తారు. 18గానీ అంతకన్నా తక్కువగానీ వస్తే ఆ రోగి మీద కన్నేసి ఉంచాలి. అలవాటైతే నిమిషాల్లో అయ్యే పని. మనలో చాలామంది చదువుకున్నదే. అయినా వార్డులోకి వచ్చాక మనదైన ఈ పనిని పేషెంట్ తాలూకు మనిషికి అప్పగించేశాం.

"అటెండర్‌కి చెప్పాం మేడమ్, తిప్పమని." ఈ మాట నేను వినని వార్డు లేదు. ఎవరా అటెండర్? ఉదయగిరి నుంచో గిద్దలూరు నుంచో వచ్చిన భార్య, రెండు రాత్రులు నిద్ర లేని కొడుకు, మోకాళ్ల నొప్పులున్న తల్లి. వాళ్లకి మనిషిని ఎలా పట్టుకుని తిప్పాలో తెలియదు. స్లైన్ ఊడిపోతుందేమో, యూరిన్ పైపు లాగేస్తుందేమో, ఆపరేషన్ కుట్లు తెగుతాయేమో అని భయం. మనం నోటితో చెప్పి వెళ్లిపోతే వాళ్లు "సరే సిస్టర్" అంటారు, తిప్పరు. తిప్పలేదని మళ్లీ వాళ్లనే కసురుకుంటాం.

ఒక ఆసుపత్రిలో జరిగింది చెబుతాను, పేరు రాయను. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలో పైనుంచి పడ్డ కుర్రాడు. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. ఆపరేషన్ చక్కగా జరిగింది. భార్యకి తిప్పమని చెప్పారు. ఆమె తిప్పలేదు, తిప్పితే విరిగిన ఎముక ఇంకా జరుగుతుందేమోనని భయపడింది. ఆమె భయంలో తప్పు లేదు. అలాంటి రోగిని తల దగ్గర ఒకరు, పక్కన ఇద్దరు ముగ్గురు నిలబడి, మెడ నుంచి కాళ్ల దాకా ఒకే దుంగలా ఒక్కసారి తిప్పాలి. అది నలుగురు శిక్షణ ఉన్నవాళ్ల పని, ఆమె ఒక్కదాని పని కాదు. కేస్ షీట్‌లో మాత్రం రెండు గంటలకోసారి తిప్పినట్టు టిక్కులున్నాయి. మూడు షిఫ్టుల్లోనూ ఉన్నాయి, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వరసలో, డ్యూటీ దిగేముందు పెట్టినవి. పుండు సంగతి వాసన వచ్చి ఆమే కనిపెట్టింది. అప్పటికి లోపల ఎముక తగులుతోంది. ఎముక అతుక్కున్నా ఆ పుండు మానేదాకా అతన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టలేకపోయారు. క్వారీ ఒకసారి పడేసింది, మంచం రెండోసారి పడేసింది.

ఆ వార్డులో ఉన్న నర్సులు చెడ్డవాళ్లు కారు. వాళ్లని నేను ఎరుగుదును. మందు ఒక్క పూట ఆలస్యమైతే కంగారుపడే పిల్లలు. తిప్పడం కూడా మందంత ముఖ్యమని వాళ్ల మనసులో లేదు, అంతే. ఈ మనసు గురించే ప్రపంచంలో చాలామంది పరిశోధన చేశారు. బెల్జియం పరిశోధకులు 2010లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. బెడ్‌సోర్ల నివారణ మీద నర్సు వైఖరి ఏమిటో 13 ప్రశ్నలతో కొలుస్తుంది. ఇది నాకు చేతనవునా, ఇది ముఖ్యమైన పనేనా, దీనివల్ల రోగికి ఎంత నష్టం, ఇది నా బాధ్యతేనా, నేను చేస్తే నిజంగా ఆగుతుందా అన్న ఐదు వైపుల నుంచి అడుగుతారు. నాకు తెలిసినంతలో మన దగ్గర చేతకాకపోవడం తక్కువ. బాధ్యత దగ్గరా నమ్మకం దగ్గరా వెనకబడుతున్నాం. "మంచాన పడ్డాక పుండ్లు పడక మానతాయా మేడమ్" అనేవాళ్లని చాలామందిని చూశాను. ఊళ్లో ముసలమ్మలు అంటే అర్థం చేసుకుంటాను. నర్సు ఆ మాట అనకూడదు.

పడక మానతాయి. అన్నీ కాదు. బీపీ పడిపోయి మందుల మీద నిలబెట్టిన ఐసీయూ రోగికి, ప్రాణం పోయే స్థితిలో ఉన్నవాళ్లకి ఎంత చేసినా కొన్నిసార్లు చర్మం తట్టుకోదు. మిగతావాళ్లలో ఎక్కువ భాగం ఆపగలిగినవే. ఎముకకీ పరుపుకీ మధ్య కండ నలిగి రక్తం అందకపోవడమే పుండుకి మూలం. ఆ ఒత్తిడి తీసేస్తే రక్తం మళ్లీ పారుతుంది. కండ చర్మం కన్నా ముందు చచ్చిపోతుంది కాబట్టి పైన చిన్న నల్లమచ్చ కనిపించేసరికి లోపల పెద్ద గొయ్యి ఉండొచ్చు. పైన పుండు లేదు కదా అని ధైర్యంగా ఉండటానికి వీల్లేనిది అందుకే.

ఇక్కడ మన రోగుల చర్మం గురించి ఒక మాట. పుస్తకాల్లో మొదటి దశ అంటే చర్మం ఎర్రబడి, వేలితో నొక్కితే తెల్లబడకపోవడం అని ఉంటుంది. బొమ్మలన్నీ తెల్ల ఒంటివే. ఎండలో పనిచేసి నల్లబడిన మన రైతు వీపు మీద ఎరుపు ఎక్కడ కనిపిస్తుంది? మన వాళ్లకి చుట్టుపక్కల చర్మం కన్నా ఇంకాస్త నల్లగానో ఊదారంగుగానో కనబడుతుంది. చేతి వెనకభాగం ఆనించి చూస్తే పక్క చోటుకన్నా వెచ్చగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో తగులుతుంది. నొప్పి తెలిసే రోగి అయితే అక్కడ తాకితే మూలుగుతాడు. కాబట్టి తిప్పిన ప్రతిసారీ చూడటంతో సరిపెట్టకుండా తాకి చూడండి. మంచి వెలుతురులో చూడండి, రాత్రి డ్యూటీలో సెల్‌ఫోన్ లైటు వేసుకునైనా సరే.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ల విషయం వేరే చెప్పాలి. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు చెడే జబ్బు, గురించి తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది. అది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. ఆ నీళ్లే తాగి నడుము బిగుసుకుపోయిన మనుషులు ఇంకా మన వార్డులకి వస్తున్నారు. వెన్ను వంగి గట్టిపడిపోయి ఉంటుంది. కొందరికి వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు పడిపోతాయి. వాళ్లు వెల్లకిలా పడుకోలేరు. పడుకోబెడితే వంగిన వెన్నుపూసల కొసల మీదే బరువంతా పడుతుంది. ఎప్పుడూ ఒకే పక్కకి ముడుచుకుని ఉంటారు, ఆ పక్క తుంటి చెడిపోతుంది. వాళ్లకి పుస్తకంలో ఉన్న భంగిమ కుదరదు. రెండు మోకాళ్ల మధ్య దిండు, వీపు వెనక దిండు, పూర్తిగా పక్కకి కాకుండా 30 డిగ్రీల వాలుగా, ఒళ్లు ఎంత వంగితే అంతకే సర్ది, ఏ ఎముక మంచానికి తగులుతోందో చేత్తో తడిమి చూసుకోవాలి. దీనికి ఓపికా ఊహా రెండూ కావాలి, ఎఫ్ఎన్ఓకి, అంటే వార్డులో సాయం చేసే ఆయాకి, పురమాయించి వదిలేయలేం.

పాత అలవాట్లు కొన్ని మానెయ్యాలి. వాటిని మాకు నేర్పినవాళ్లు మంచి ఉద్దేశంతోనే నేర్పారు. వీపుకి స్పిరిట్ రాసి గట్టిగా రుద్ది పౌడర్ కొట్టడం బ్యాక్ కేర్ అనుకుంటున్నాం. స్పిరిట్ చర్మాన్ని ఎండబెడుతుంది. కమిలిన చోట రుద్దితే లోపల దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుంది. చెమటతో కలిసిన పౌడర్ మడతల్లో గట్టిపడి ఒరుసుకుంటుంది. మడమల కింద నీళ్లు నింపిన గ్లౌజులు పెడుతున్నారు, పిరుదుల కింద గాలి రింగులు పెడుతున్నారు. రింగు చుట్టూ ఉన్న చర్మాన్ని నొక్కి మధ్యలోకి రక్తం రానివ్వదు. ఈ రెండూ వద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పిక్క కింద పొడుగునా ఒక దిండు పెట్టి మడమ గాలిలో ఉండేట్టు చూస్తే చాలు. దిండు లేకపోతే మడిచిన దుప్పటి.

తల వైపు మంచం ఎత్తి వదిలేయడం ఇంకొకటి. రైల్స్ ట్యూబ్ ఫీడ్, అంటే ముక్కు గొట్టం ద్వారా ఆహారం, ఇచ్చేటప్పుడు ఎత్తాలి, ఇచ్చాక కాసేపు అలాగే ఉంచాలి, నిజమే. తర్వాత దించడం మర్చిపోతాం. రోగి మెల్లగా కిందికి జారుతుంటాడు, చర్మం పక్కబట్టకి అంటుకుని ఉండిపోతుంది, లోపల కండ కిందికి లాగుతుంది. ఆ లాగుడే రక్తనాళాలని మెలిపెడుతుంది. తర్వాత చంకల్లో చేతులు వేసి పైకి ఈడుస్తారు, చర్మం గీరుకుపోతుంది. డాక్టరు వద్దంటే తప్ప ఫీడ్ అయిన తర్వాత 30 డిగ్రీలకి దించి, మోకాళ్ల దగ్గర కాస్త ఎత్తు చేయండి. పైకి జరపాలంటే డ్రా షీట్, అంటే రోగి నడుము కింద అడ్డంగా పరిచే గుడ్డ, పట్టుకుని ఇద్దరు ఎత్తాలి. ఇద్దరు లేకపోతే ఆ మాట రాయండి, ఒక్కరే ఈడవకండి.

మన ఎండాకాలం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. సముద్రపు ఉక్కకి మామూలు మనిషి వీపే తడిసి ముద్దవుతుంది. రబ్బర్ షీట్ మీద కదలకుండా పడుకున్నవాడి వీపు రోజంతా నానుతుంది. నానిన చర్మం తేలిగ్గా చిట్లుతుంది. రబ్బర్ షీట్ అవసరమైన చోట దాని మీద మందపాటి కాటన్ గుడ్డ పరచండి, తడిస్తే మార్చండి. డైపర్ వేసి పూటంతా వదిలేయకండి. కడిగి, ఒత్తి తుడిచి ఆరబెట్టి, కొబ్బరినూనెనో వాసెలిన్‌నో పల్చగా రాయండి.

తిండి గురించి మన ప్రాంతంలో ఒక మొండి నమ్మకం ఉంది. పుండు ఉంటే పప్పు పెట్టకూడదు, గుడ్డు పెట్టకూడదు, చేప అసలు కూడదు, చీము పడుతుంది అంటారు. చేపల పులుసుకి పేరుపడ్డ నెల్లూరులో, చేప చౌకగా దొరికే ఊళ్లలో కూడా మంచాన పడ్డ మనిషికి చారు నీళ్లూ ఇడ్లీ ముక్కా పెడుతున్నారు. ప్రోటీన్ లేకపోతే ఏ కండా పుట్టదు. ఈ మాట నర్సు చెబితే వింటారు, డాక్టర్ రౌండ్స్‌లో చెప్పినదానికన్నా ఎక్కువ వింటారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి డాక్టర్‌ని అడగండి. మిగతావాళ్లకి ఆసుపత్రిలో ఇచ్చే గుడ్డు రోగి నోట్లోకి వెళ్తోందో లేదో చూడండి, పక్కనున్నవాళ్లు తినేస్తున్నారో, పారేస్తున్నారో.

ఇప్పుడు నర్సింగ్ సూపరింటెండెంట్లకు, వాళ్ల పైనున్న ఆసుపత్రి సూపరింటెండెంట్లకు.

ఇంతదాకా పిల్లలకి చెప్పినదంతా మీరు పనిచేసే మనుషుల్ని ఇస్తేనే సాధ్యం. ఐర్లండ్‌లో నర్సుల మీద చేసిన ఒక పరిశీలన 2004లో వచ్చింది. అక్కడ నర్సుల వైఖరి మంచిగానే ఉందని తేలింది. అయినా పని జరగలేదు. సమయం లేదు, మనుషులు లేరు అన్నవే అడ్డంకులుగా చెప్పారు. మన దగ్గర ఆ అడ్డంకి ఇంకా పెద్దది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలి, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉన్నవి బోధనాసుపత్రులే. రాత్రి డ్యూటీలో మెడికల్ వార్డులో ఎంతమంది రోగులకి ఎంతమంది నర్సులు ఉంటున్నారో మీ రోస్టర్ తీసి ఆ లెక్క పక్కన పెట్టి చూడండి. ఉన్నవాళ్ల సమయంలో సగం రిజిస్టర్లకీ, ఆన్‌లైన్ ఎంట్రీలకీ, ల్యాబ్ రిపోర్టుల కోసం తిరగడానికీ పోతోంది. ఈ పనులు తీసి వేరేవాళ్లకి ఇవ్వండి. తిప్పడానికి రెండో మనిషి కావాలి కాబట్టి ప్రతి షిఫ్టులో ఎంఎన్ఓ, ఎఫ్ఎన్ఓలకి, అంటే నర్సులకి సాయం చేసే మగ, ఆడ సిబ్బందికి, ఆ పనే మొదటి పనిగా రాసివ్వండి, నర్సు పక్కన నిలబడి చేయించేట్టు.

మెమోల గురించి, అంటే తప్పు జరిగిందని సంజాయిషీ అడిగే కాగితాల గురించి, గట్టిగా చెప్పాలి. ఒక వార్డులో పుండు పడిందని తెలిసిన రోజు ఆ రోజు డ్యూటీలో ఉన్న పిల్లకి మెమో ఇస్తారు. దాంతో మిగతావాళ్లు నేర్చుకునేది ఒకటే, కనిపించినా రాయకూడదని. మొదటి దశలో కమిలిన చోటు ఎవరూ రాయరు. పుండు విచ్చుకున్నాక "ఇంటి నుంచే వచ్చింది" అని రాస్తారు. కాబట్టి అడ్మిషన్ రోజునే ఒళ్లంతా చూసి రాయడం తప్పనిసరి చెయ్యండి. ఆ తర్వాత కమిలిన చోటు మొదట కనిపెట్టి రాసిన నర్సుకి మెమో ఇవ్వకండి, ఆమెని అందరి ముందూ మెచ్చుకోండి. మెమో ఇవ్వాల్సి వస్తే చూడకుండా టిక్కులు పెట్టినందుకు ఇవ్వండి. ఆసుపత్రుల నాణ్యతకి గుర్తింపునిచ్చే ఎన్ఏబీహెచ్ నుంచి గుర్తింపు తీసుకున్న ప్రైవేటు ఆసుపత్రులు వెయ్యి రోగి-దినాలకి (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి-దినం) ఎన్ని బెడ్‌సోర్లు వచ్చాయో లెక్క పెట్టాలి. మిగతా ఆసుపత్రులు కూడా పెట్టవచ్చు, దానికి ఖర్చేం లేదు.

అమెరికాలో 2008 అక్టోబరు నుంచి, ఆసుపత్రిలో పడిన ముదురు బెడ్‌సోర్ల వైద్యానికి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ అదనంగా డబ్బు ఇవ్వడం మానేసింది. మన దగ్గర కూడా అలా చేస్తే దారికొస్తారని కొందరు డాక్టర్లు నాతో అన్నారు. నేను ఒప్పుకోను. ముందు మనుషుల్ని ఇచ్చి, దిండ్లు ఇచ్చి, చిరిగిన రెక్సిన్ పరుపులు మార్చి, ఆ తర్వాత శిక్షల మాట ఎత్తాలి. ఎయిర్ బెడ్ కొంటే దానికి మోటారు ఆడుతోందో లేదో, కరెంటు పోతే గాలి దిగిపోతోందో లేదో చూసే మనిషి ఉండాలి. ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం మానేసిన వార్డులూ చూశాను.

ఈ రెండు జిల్లాల్లో నర్సింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. ఆ విద్యార్థినులు వార్డులకి వచ్చి ప్రొసీజర్ పుస్తకం నింపుకోవడానికి ఒకసారి బ్యాక్ కేర్ చేసి సంతకం పెట్టించుకుని పోతారు. వాళ్లు క్లాసులో వినేది ఒకటి, మీరు చేసేది చూసి నేర్చుకునేది ఇంకొకటి, మిగిలేది రెండోదే. షిఫ్టు మారేటప్పుడు హ్యాండ్ ఓవర్ ఇస్తూ మంచం దగ్గర నిలబడి, దుప్పటి తీసి, రోగి సిగ్గుపడకుండా తెర వేసి, "ఇప్పుడు ఎడమ పక్కకి ఉన్నాడు, కుడి తుంటి కాస్త వెచ్చగా ఉంది" అని మీరు చెప్పడం వాళ్లు వింటే చాలు. మందులు అప్పగించినట్టే వీపునీ అప్పగించండి.

డిశ్చార్జి రోజు కూడా మన పని అయిపోదు. రాష్ట్ర ప్రభుత్వం పక్షవాతం లాంటి జబ్బులతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకి నెలకి 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. మంచి సాయం. అందులో ఎంతో కొంత పుండు డ్రెస్సింగులకే పోతున్న ఇళ్లు నేను చూస్తున్నాను. పంపేముందు ఇంట్లో చూసుకునే మనిషి చేత మీ కళ్ల ముందు తిప్పించండి. ఒకసారి మీరు చేసి చూపించి, రెండోసారి ఆమె చేత చేయించి, మూడోసారి ఆమె ఒక్కతే చేస్తే పక్కన నిలబడి చూడండి. మధ్యలో కుంగిపోయిన నులక మంచం మీద పడుకోబెట్టొద్దని, గట్టి మంచం మీద ఫోమ్ పరుపు వేయమని చెప్పండి. వాళ్ల ఊరి ఏఎన్ఎంకి ఒక ఫోన్ చేయండి.

నవంబరు నెల మూడో గురువారాన్ని ప్రపంచవ్యాప్తంగా బెడ్‌సోర్ల నివారణ దినంగా జరుపుతారు. మన ఆసుపత్రుల్లో ఆ రోజు బ్యానరు కట్టి ఫొటో తీసుకోవడం వద్దు. ఆ ఉదయం ప్రతి వార్డులో మంచం దిగలేని ప్రతి రోగినీ తిప్పి చూసి, ఎంతమంది ఉన్నారు, ఎంతమందికి కమిలింది, ఎంతమందికి పుండు ఉంది, అందులో ఎన్ని మన దగ్గరే పడ్డాయి అని రాసి నర్సింగ్ సూపరింటెండెంట్ గది బయట అతికించండి. పేర్లు వద్దు, అంకెలు చాలు. మరుసటి ఏడు అదే రోజు మళ్లీ రాసి దాని పక్కనే అతికించండి. లెక్క తీయడానికి మనుషులు చాలకపోతే నాలాంటి రిటైరైన నర్సులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, పిలవండి. నేనైతే కావలి నుంచి తెల్లవారి రైలుకే వస్తాను, ఆసుపత్రి నెల్లూరుదైనా ఒంగోలుదైనా.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
కావలి